పార్కు ఉంటే చాలదు, నడిచి వెళ్లేంత దగ్గర ఉండాలి

నంద్యాల, ఆళ్లగడ్డ వాళ్లకు యాగంటి కొత్త చోటు కాదు. కార్తీకమాసంలో ఇంటిల్లిపాదీ వెళ్లి కోనేట్లో స్నానం చేసి, ఉమామహేశ్వరుణ్ణి దర్శించుకుని, సాయంత్రందాకా అక్కడే గడిపి వస్తారు. మరోవైపు అహోబిలం, నల్లమల అడవి ఉన్నాయి. ఇన్ని కొండలూ చెట్లూ ఉన్న జిల్లాకు పార్కులెందుకని కొందరంటారు. కానీ ఏడాదికోసారి బస్సెక్కి వెళ్లే కొండ, షుగరున్న పెద్దాయన రోజూ పొద్దున నడవడానికి పనికిరాదు. పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవాలన్నది వైద్యుల మాట. ఆ నడక సాగాలంటే చోటు ఇంటి దగ్గరే ఉండాలి.

దగ్గరంటే ఎంత? ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా విభాగం దీనికో కొలత చెప్పింది. ఇంటికి 300 మీటర్లలో, అంటే దాదాపు 5 నిమిషాల నడకలో, కనీసం అర హెక్టారు నుంచి హెక్టారు దాకా పచ్చని బహిరంగ స్థలం ఉండాలి. అర హెక్టారంటే సుమారు ఎకరం పావు. అయితే ఈ దూరాన్ని మ్యాపు మీద గీత గీసి కొలిస్తే సరిపోదు. నంద్యాల, ఆళ్లగడ్డల మీదుగా 40వ నంబరు జాతీయ రహదారి పోతోంది. లారీలు దూసుకుపోయే అలాంటి రోడ్డుకు అవతల పార్కుంటే, అది 200 మీటర్లే అయినా పిల్లలను ఒంటరిగా పంపలేం. కాలిబాట లేకపోయినా, గేటుకు తాళం వేసి ఉన్నా అంతే. వేసవిలో 40 డిగ్రీలు దాటే మన ఊళ్లలో తెల్లవారుజామున, చీకటి పడ్డాకే నడక సాధ్యం. అందుకే వేప, కానుగ చెట్ల నీడతోపాటు దీపాలూ కావాలి. వెలుతురు లేని పార్కుకు ఆడవాళ్లు రారు.

బండి ఉన్నవాళ్లు ఏ కాలేజీ గ్రౌండుకో వెళ్లి నడుస్తారు. వీధి పార్కు లేక నష్టపోయేది బండి లేనివాళ్లు: ముసలివాళ్లు, చిన్నపిల్లలు, వంటపని మధ్య అరగంట దొరికే గృహిణులు. నా దృష్టిలో ఊరి చివర ఒక పెద్ద పార్కు కన్నా వార్డుల్లో పది చిన్న పార్కులు మేలు.

ఇందుకు స్థలం కొత్తగా కొననక్కర్లేదు. లేఅవుట్ వేసేవారు 10 శాతం భూమిని ఖాళీ స్థలంగా వదిలి స్థానిక సంస్థకు అప్పగించాలని 2017 నాటి రాష్ట్ర నిబంధనలు చెబుతున్నాయి. 10 ఎకరాల లేఅవుట్‌కు ఎకరం వస్తుంది. కంచె లేకపోతే మాత్రం అక్కడ ముందు చెత్త పడుతుంది, తర్వాత ఏదో ఒక కట్టడం లేస్తుంది. బెంగళూరులో పార్కుకు ఉంచిన స్థలాన్ని ఆసుపత్రికి కేటాయిస్తే కాలనీవాళ్లు న్యాయస్థానానికి వెళ్లారు. అది చెల్లదని 1991లో సుప్రీంకోర్టు తేల్చింది. ముద్దప్ప కేసుగా పేరుపడిన ఆ తీర్పు ఇవాళ్టికీ కాలనీలకు అండ.

మీ కాలనీ లేఅవుట్ నకలును మున్సిపాలిటీ టౌన్ ప్లానింగ్ విభాగంలో అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. నకలు చేతికొచ్చాక నలుగురు కలిసి అందులో చూపిన ఖాళీ స్థలానికి వెళ్లి కొలిచి చూడండి.