గురక ఆగింది సరే.. స్లీప్ ఆప్నియా తగ్గిందా? దంత క్లిప్ వాడేవాళ్లు ఇది తెలుసుకోండి!

నిద్రలో గొంతు కండరాలు వదులై గాలి దారి మూసుకుపోతే.. 10 సెకన్లు, అంతకంటే ఎక్కువసేపు ఊపిరి ఆగిపోతుంది. ఇదే స్లీప్ ఆప్నియా. దీనికి ప్రధాన చికిత్స సీప్యాప్ మెషీన్. ఆ మాస్క్‌తో నిద్రపట్టని వాళ్లకు డెంటిస్టులు పళ్ల అచ్చు తీసి, కొలతకు సరిపోయే క్లిప్ చేయిస్తారు. రాత్రి పెట్టుకుంటే కింది దవడను కొన్ని మిల్లీమీటర్లు ముందుకు జరిపి ఉంచుతుంది. నాలుక వెనక్కి జారదు, గాలి ఆడుతుంది.

గంటకు 30 సార్లకు మించి శ్వాసకు అడ్డంకి వస్తుంటే మాత్రం సీప్యాపే మేలు. క్లిప్‌తో మొదట్లో దవడ నొప్పి రావొచ్చు. ఏళ్ల తరబడి వాడితే పళ్ల వరస మారొచ్చు.

గురక ఆగినంత మాత్రాన జబ్బు పోయినట్టు కాదు. అందుకే ఆన్‌లైన్‌లో రెడీమేడ్ క్లిప్ కొనేయొద్దు. క్లిప్‌కు ముందు ఒకసారి, సెట్ అయ్యాక మరోసారి స్లీప్ టెస్ట్ చేయించుకోవాల్సిందే.