సోలార్ పలకలో విషమెంత?

హైదరాబాద్‌లోని ఆరాంఘర్ చౌరస్తా నుంచి బెంగళూరు హైవే పట్టుకుంటే శంషాబాద్ విమానాశ్రయం వస్తుంది. అక్కడి సౌర విద్యుత్ కేంద్రం 5 మెగావాట్లతో మొదలై 10 మెగావాట్లకు పెరిగింది. అదే చౌరస్తా పక్కన కాటేదాన్ పారిశ్రామికవాడ. ‘సోలార్ పలకల్లో విషలోహాలుంటాయట, ఇంటి మీద పెట్టించుకోవచ్చా?’ అని అడిగేవాళ్లకు జవాబు కావాలంటే ఈ రెండు చోట్ల సంగతీ తెలియాలి.

1954 ఏప్రిల్‌లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో చాపిన్, ఫుల్లర్, పియర్సన్ అనే ముగ్గురు సిలికాన్ సెల్‌ను లోకానికి చూపించారు. మీద పడ్డ ఎండలో అది 6 శాతాన్ని మాత్రమే కరెంటుగా మార్చేది. నాలుగేళ్లకే వాన్‌గార్డ్-1 ఉపగ్రహంతో పాటు అంతరిక్షానికి వెళ్లింది. ఇప్పటి పలకలు 20 శాతం దాటేశాయి. శంషాబాద్‌కు దగ్గర్లోని మహేశ్వరం మండలంలోనూ తయారవుతున్నాయి.

పలక బరువులో ముప్పాతిక వంతు గాజే. మిగిలిందాంట్లో ప్లాస్టిక్ పొరలు, అల్యూమినియం చట్రం పోగా, అసలు పనిచేసే సిలికాన్ మొత్తం బరువులో సుమారు ఇరవయ్యో వంతు. ఇసుకలో ఉండే మూలకమే కనుక దానితో భయం లేదు. పలకను దగ్గరగా చూడండి. నీలి సెల్ మీద వెంట్రుకల్లా కనిపించే సన్నని గీతలు వెండివి. ఆ వెండి ముద్ద కొలిమిలో సెల్‌కు అతుక్కోవడానికి సీసం ఆక్సైడ్ ఉన్న గాజుపొడి కలుపుతారు. గీతలకు అడ్డంగా సాగే పట్టీలు రాగివి. వాటికి పూసే టంకంలో సుమారు 60 పాళ్లు తగరం, 40 పాళ్లు సీసం. అంతా కలిపి ఒక పలకలో ఉండే సీసం గ్రాముల్లోనే. మెట్ల కింద పెట్టుకునే ఇన్వర్టర్ బ్యాటరీలో అది కిలోల్లో ఉంటుంది.

పైగా ఆ కాస్త సీసమూ బయటికి రాకుండా, సెల్‌లకు రెండువైపులా ప్లాస్టిక్ పొరలు పరిచి, గాలి తీసేసి, సుమారు 150 డిగ్రీల వేడిలో గాజుతో కలిపి అతికిస్తారు. గాజు, పొరలు బాగున్నంతకాలం వాన నీరు లోపలి లోహాన్ని తాకలేదు. కాడ్మియం వాడే పలకలు వేరే రకం. అవి ఎక్కువగా పెద్ద సౌర క్షేత్రాలకు వెళ్తాయి. మన డాబాల మీదవి దాదాపు అన్నీ సిలికాన్‌వే. ఆ వేరే రకం పలకల్లోని కాడ్మియం కూడా టెల్లూరియంతో కలిసి, నీటిలో అంత సులువుగా కరగని రూపంలో ఉంటుంది.

చిక్కంతా పాతికేళ్ల తర్వాత, పలక పని అయిపోయాకే. తుక్కు వ్యాపారి అల్యూమినియం చట్రం ఊడదీస్తాడు, రాగి వైర్లు కోసుకుంటాడు. మిగిలిన గాజు అట్టను ఎవరూ కొనరు. దాన్ని తగలబెడితే, వెనక పొరలో ఫ్లోరిన్ ఉన్న రకమైతే ఘాటైన హైడ్రోజన్ ఫ్లోరైడ్ వాయువు వస్తుంది. వెండి కోసం నత్రికామ్లం పోస్తే సీసమూ కరుగుతుంది. ఆ నీళ్లు మోరీలోకి పోతాయి. అమెరికాలో పలకను సెంటీమీటరుకు మించని ముక్కలు చేసి, 18 గంటలు ఆమ్లద్రవంలో తిప్పి పరీక్షిస్తారు. లీటరుకు 5 మిల్లీగ్రాముల సీసం వస్తే అది ప్రమాదకర వ్యర్థం. ఈ పరీక్షలో కొన్ని పలకలు గట్టెక్కుతాయి, కొన్ని తప్పుతాయి.

నేలలోకి దిగిన సీసం ఏమవుతుందో కాటేదాన్ చెబుతుంది. అక్కడి మట్టిలో సీసం, క్రోమియం, నికెల్, ఆర్సెనిక్, కాడ్మియం చాలా ఎక్కువగా ఉన్నాయని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2008లో ప్రచురించారు. అందులో సోలార్ పాత్ర లేదు. బ్యాటరీలు, లోహపు పూతల వంటి పరిశ్రమలున్న చోటది. వ్యర్థాలను ఎక్కడపడితే అక్కడ పారబోయడమే ప్రధాన కారణం కావచ్చని, వాన, గాలి ఆ లోహాలను పారిశ్రామికవాడలో వ్యాపింపజేసి ఉండవచ్చని వాళ్లు భావించారు. లోహం కుళ్లిపోదు, ఆవిరైపోదు. చేరిన చోటే ఉంటుంది, లేదా నీళ్లతో ఇంకో చోటికి పోతుంది.

2023 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనలు సోలార్ పలకలనూ కలుపుకున్నాయి. 2034-35 దాకా ఆ వ్యర్థాలను భద్రంగా నిల్వ ఉంచే బాధ్యత తయారీదారులది. విమానాశ్రయం పలకలకు ఒకే యజమాని, ఒకే ఆవరణ. లెక్క చూడటం తేలిక. సబ్సిడీతో లక్షల డాబాల మీదికి ఎక్కుతున్న పలకల లెక్కే కష్టం. అందుకే కొనేటప్పుడు వాట్లు, వారంటీతో పాటు పగిలిన పలకను ఎవరు వెనక్కి తీసుకుంటారో బిల్లు మీద రాయించుకోవాలి. పాత సామాన్ల బండికి మాత్రం వేయకూడదు.