అరికాలి నల్లమచ్చ - ఆర్.ఎన్.ఏ. నేర్పిన సంగతి

చర్మమునకు రంగునిచ్చు కణములయందు పుట్టు కాన్సరునకు మెలనోమా యని పేరు. చర్మపు కాన్సరులలో నిది తక్కువగా వచ్చునదే యైనను, ఇతర అవయవములకు ప్రాకుటలో మిగిలినవాటికంటె ప్రమాదకరమైనది. తెల్లని చర్మము గలవారికి ఎండ దీనికి ముఖ్యకారణము. మన దేశమున నిది తరచుగా ఎండ సోకని అరికాలియందును, గోటి క్రిందను కనిపించును. ముల్లు గ్రుచ్చుకొని కమిలినదని తలచి పలువు రుపేక్షింతురు.

రంగునిచ్చు కణము దారి తప్పిన పిమ్మట దానిని పోషించున దేమి? కణములోని డి.ఎన్.ఏ. ఆదేశమును ఆర్.ఎన్.ఏ. నకలు వ్రాసికొనిపోగా, దానినిబట్టి మాంసకృత్తులు తయారగును. కాని మానవుని డి.ఎన్.ఏ.లో మాంసకృత్తులకు ఆదేశమిచ్చు భాగము నూటికి 2 పాళ్లకు మించదు. తక్కినదానిని ఒకప్పుడు కొందరు శాస్త్రజ్ఞులు చెత్త యనిరి. అది తొందరపడి యన్న మాట. ఆ భాగమునుండియు ఆర్.ఎన్.ఏ.లు పుట్టుచున్నవి. అవి మాంసకృత్తులను నిర్మింపవు. వాటిలో కొన్ని, ఇతర జన్యువు లెంత పని చేయవలెనో నియమించును. అట్టి పొట్టి ఆర్.ఎన్.ఏ.ల సంగతిని 1993లో వెల్లడించిన విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్ అను అమెరికను శాస్త్రజ్ఞులకు 2024లో నోబెల్ బహుమాన మీయబడినది.

మెలనోమా విషయమున మిక్కిలి విశదమైన ఉదాహరణము 'సామ్సన్' అను పొడవైన ఆర్.ఎన్.ఏ. బెల్జియము దేశపు పరిశోధకులు ముఖ్యులుగా దీనిని 2016లో వివరించిరి. దీని స్థానము 3వ క్రోమోజోముపై, రంగుకణముల పెంపకమును నడుపు ప్రధాన జన్యువునకు చేరువలో నున్నది. పరీక్షించిన మెలనోమాలలో నూటికి 90కి పైగా నిది కనబడినది. ఆరోగ్యముగా నున్న రంగుకణములలో కానరాలేదు. కణమునకు శక్తినిచ్చు మైటోకాండ్రియాల పని సాగుటకు ఇది తోడ్పడును. దీని నడ్డగింపగా కాన్సరు కణములు నశించినవి. రోగులనుండి తీసి ఎలుకలలో పెంచిన గడ్డల పెరుగుదలయు తగ్గినది.

అన్ని ఆర్.ఎన్.ఏ.లును ఇట్లు కాన్సరునకు తోడుపడునవి కావు. 211వ సంఖ్య గల పొట్టి ఆర్.ఎన్.ఏ. అనేక మెలనోమాలలో సన్నగిల్లును. దానిని మరల చేర్చినప్పుడు, కణములు ప్రక్క కండలోనికి చొచ్చుకొనిపోవుట మందగించినట్లు ప్రయోగశాలలలో చూచిరి.

ఈ జ్ఞానమింకను మెలనోమా రోగికిచ్చు మందుగా పరిణమింపలేదు. ఆరంభదశలో శస్త్రచికిత్సతో మచ్చను తొలగించుటయే నేటికిని ప్రధాన చికిత్స. మచ్చ పెరిగినను, అంచులు వంకరలైనను, రంగు మారినను, రక్తము కారినను, గోటి క్రింది నల్లచార వెడల్పగుచున్నను దానిని కాల్చుటగాని కోయుటగాని తగదు, చర్మవైద్యునికి చూపవలెను. అందుండి చిన్నముక్కను తీసి సూక్ష్మదర్శినితో పరీక్షించినగాని రోగము నిశ్చయము కాదు.