తరంగాల బజారు: చిల్లర సరుకుకు గేటు వద్దే రద్దీ

వైర్‌లెస్ తరంగాలు ప్రియమైన సరుకు. 2022 ఆగస్టు 1న ముగిసిన వేలంలో 51,236 మెగాహెర్ట్జ్ అమ్ముడుపోగా, పాటల మొత్తం రూ. 1,50,173 కోట్లకు చేరింది. ఇంత ఖరీదైన సరుకును చిల్లర వాడకందార్లకు సర్దడమెట్లా అన్నది ఇప్పుడు ముందున్న ప్రశ్న.

ఈ వాడకందార్లు మనుషులు కారు. కరెంటు మీటర్లు, నీటి మీటర్లు వంటి సాధనాలు. 2021లో ఆమోదం పొందిన విద్యుత్ పంపిణీ సంస్కరణల పథకం ఒక్కటే 25 కోట్ల స్మార్ట్ మీటర్లను లక్ష్యంగా పెట్టుకున్నది. చదరపు కిలోమీటరుకు 10 లక్షల సాధనాలను భరించాలన్నది 5జీకి అంతర్జాతీయంగా నిర్ణయించిన కొలత.

మీటరు పంపేది నాలుగంకెల సరుకు. దానిపై పడే ఖర్చే అధికం. 4జీలో టవరుతో సంబంధం కలుపుకొనడానికే నాలుగు సందేశాలు నడవాలి. పావు బస్తా తెచ్చిన రైతుకు కూడా లారీ లోడుకు రాసినన్ని కాగితాలు రాసినట్లున్నది వ్యవహారం. తొలి పిలుపుకు ఒక సెల్‌లో వున్నవి 64 సంకేతాలే. ఒకే క్షణంలో రెండు మీటర్లు ఒకే సంకేతం ఎంచుకుంటే పిలుపు చెడిపోవచ్చు. కరెంటు పోయి వచ్చినప్పుడు వేల మీటర్లు ఒక్కసారిగా పిలిస్తే, మళ్లీ మళ్లీ పిలిచిన కొద్దీ రద్దీ ముదురుతుంది.

ఈ లెక్క పాతదే. 1971లో హవాయి విశ్వవిద్యాలయం నడిపిన అలోహా పద్ధతిలో ఎవరికి తోచినప్పుడు వారు పంపవచ్చు. అందువల్ల మార్గంలో 18.4 శాతానికి మించి అక్కరకు రాదు. కాలాన్ని గడులుగా విభజించి, గడి ఆరంభంలోనే పంపాలని నియమం పెడితే అది 36.8 శాతం అవుతుంది. అదనంగా తరంగాలు కొనకుండానే రాబడి రెట్టింపన్న మాట.

నేటి మార్గాలూ ఆ కోవలోనివే. 2016లో ఖరారైన ఎన్‌బీ-ఐఓటీ 180 కిలోహెర్ట్జ్ సన్నని పట్టీతో సరిపెట్టుకుంటుంది. సాధనాన్ని ఎక్కువ సేపు నిద్రపుచ్చి, బ్యాటరీని పదేళ్లు నడపాలన్నది దాని లక్ష్యం. 2020 నాటి 5జీ ప్రమాణం నాలుగు సందేశాలను రెండుకు తగ్గించింది. అయితే రద్దీలో పిలుపు చెడితే దానితో పంపిన సరుకూ వృథాయే. దూరపు మీటరు ఒకే మాటను పలుమార్లు పంపవలసి రావడంతో బ్యాటరీ కరుగుతుంది.

కనుక మీటర్లు కొనే సంస్థలు ధర ఒక్కటే చూస్తే చాలదు. కరెంటు తిరిగి వచ్చిన తొలి గంటలో నూటికి ఎన్ని మీటర్ల కబురు చేరుతుందో టెండరులోనే అడగడం మేలు. రద్దీ లేని రోజున ఏ పద్ధతి అయినా చవకగానే కనిపిస్తుంది.