ఫ్లోరైడ్‌ను పట్టేస్తారు.. మరి నీళ్లలో బ్యాక్టీరియా ఎందుకు దొరకదు?

నీళ్ల టెస్ట్ అనగానే నల్గొండ వాళ్లకు గుర్తొచ్చేది ఫ్లోరైడ్. దాన్ని తగ్గించేందుకు నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ 1970ల్లో తెచ్చిన పటిక, సున్నం పద్ధతి పేరే 'నల్గొండ టెక్నిక్'. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో ల్యాబ్ చెప్పేస్తుంది. కానీ వాంతులు, విరేచనాలు తెచ్చే సూక్ష్మజీవులను పట్టుకోవడం అంత ఈజీ కాదు. ఎందుకంటే..

సీసాలోనే లెక్క మారిపోతుంది

ఫ్లోరైడ్ రసాయనం. శాంపిల్‌ను వారం తర్వాత టెస్ట్ చేసినా దాదాపు అంతే ఉంటుంది. బ్యాక్టీరియాకు ప్రాణం ఉంది. పాలమూరు, నల్గొండ ఎండల్లో సీసా కొన్ని గంటలుంటే చాలు.. కొన్ని పెరుగుతాయి, కొన్ని చచ్చిపోతాయి. అందుకే స్టెరైల్ సీసాలో పట్టి, ఐస్ బాక్సులో పెట్టి, 24 గంటల్లోపే టెస్ట్ మొదలుపెట్టాలి.

క్లోరిన్ కలిపిన నల్లా నీళ్లతో మరో చిక్కు. సీసాలోనూ క్లోరిన్ పని చేస్తూనే ఉంటుంది. దాన్ని ఆపేందుకు సోడియం థయోసల్ఫేట్ ముందే వేసి ఉంచాలి. లేదంటే నల్లా దగ్గర ఉన్న బ్యాక్టీరియా ల్యాబ్‌కు వెళ్లేసరికి మాయం!

టెస్ట్ చేసేది అర గ్లాసు నీళ్లే

తాగే నీటికి బీఐఎస్ రూల్ ఒకటే: 100 మిల్లీలీటర్లలో ఈ-కోలై ఒక్కటి కూడా దొరకొద్దు. ఇది మనుషులు, పశువుల పేగుల్లో ఉండే బ్యాక్టీరియా. దొరికిందంటే నీళ్లలో మలం కలిసినట్టే. కానీ ట్యాంకులో ఉండేవి వేల లీటర్లు. పొద్దున శాంపిల్ తీశాక, సాయంత్రం వానకు పైపు లీకేజీలోంచి మురుగు చేరితే ఆ రిపోర్టులో రాదు. పైగా ఫలితానికి దాదాపు ఒక రోజు పడుతుంది. అప్పటికే జనం ఆ నీళ్లు తాగేసి ఉంటారు.

బతికే ఉంటాయి.. కానీ దొరకవు

నీళ్లలోని బ్యాక్టీరియాలో చాలావరకు ల్యాబ్ ప్లేట్ల మీద పెరగవు. కలరా, ఈ-కోలై బ్యాక్టీరియా కూడా బతికుండీ ప్లేటు మీద పెరగని స్థితిలోకి వెళ్తాయని 1982లో అమెరికా శాస్త్రవేత్త రీటా కోల్‌వెల్ బృందం చూపించింది. పీసీఆర్‌తో డీఎన్ఏను పట్టుకోవచ్చు. కానీ చచ్చిన బ్యాక్టీరియా డీఎన్ఏ కూడా అందులో వచ్చేస్తుంది.

మరి ఏం చేయాలి?

'బ్యాక్టీరియా లేదు' అంటే.. ఆ సీసాలో, ఆ పూట, ఆ టెస్ట్‌కు దొరకలేదని మాత్రమే. శాంపిల్ ఎప్పుడు, ఎక్కడ తీశారో అడగండి. నీళ్ల రంగు, వాసన మారినా, వాడలో ఇద్దరు ముగ్గురికి విరేచనాలు మొదలైనా రిపోర్టు కోసం ఆగొద్దు. నీళ్లు మరిగించి తాగండి.

ఒక్క విషయం మాత్రం మర్చిపోవద్దు. మరిగిస్తే బ్యాక్టీరియా చస్తుంది కానీ ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరయ్యే కొద్దీ దాని గాఢత ఇంకా పెరుగుతుంది. అందుకే బోరు నీళ్లు తాగేవాళ్లకు రెండు టెస్టులూ తప్పనిసరి.