బావి ఏమి ఇచ్చింది?

పిల్లలూ, ఇంగ్లీషులో 'గివ్' అంటే ఇవ్వడం, 'అవుట్' అంటే బయట. ఇంగ్లీషు మొదలుపెట్టిన ఏడాదే ఈ రెండు మాటలూ మీకు వచ్చేస్తాయి. అయితే అవి రెండూ జంట కట్టినప్పుడు ఏమవుతుందో నాకు బాగా తెలియజేసినవాడు మా ప్రాంతపు కుర్రవాడొకడు.

అనంతపురం ప్రాంతంలో ఏడాదికి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ కాలం సరిగా నడిస్తేనే! మా కొత్తచెరువు వైపు పిల్లలకు బావి ఎండడమంటే ఏమిటో ఒకరు చెప్పనక్కరలేదు. నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఒక పరీక్షలో అనువాదానికి ఈ వాక్యం ఇచ్చాను: 'ది వెల్ గేవ్ అవుట్ ఇన్ మార్చ్.'

"మార్చి నెలలో బావి నీళ్ళు బయటికి ఇచ్చింది" అని వ్రాశాడు వాడు. నిజానికి దాని అర్థం, మార్చిలో బావి ఎండిపోయిందని! నేను సున్నా వేశాను.

వాడు కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చి, "సార్, గివ్ అంటే ఇవ్వడమని మీరే కదా చెప్పినారు!" అన్నాడు. వాడి కళ్ళు చెమ్మగిల్లాయి. తప్పు వాడిది కాదు, నాది. మాటలు విడివిడిగా నేర్పానే గాని, వాటి జంటను నేర్పలేదు.

మన తెలుగు మాత్రం తక్కువ తిన్నదా? "చేయి చేసుకున్నాడు" అంటే కొట్టాడని మనకు తెలుసు. చేయి తెలిసి, చేసుకోవడం కూడా తెలిసిన పరదేశికి ఆ సంగతి ఎట్లా తడుతుంది? 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చిన సి. పి. బ్రౌన్ దొరకు ఇట్లాంటి మాటలు ఎన్ని అడ్డుతగిలాయో! అయినా ఆయన పట్టు విడవక, 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును అచ్చు వేయించాడు.

ఇక మన 'గివ్ అవుట్' దగ్గరికి వద్దాం. వాక్యం కనబడగానే "దేనిని?" అని అడగండి. 'ది టీచర్ గేవ్ అవుట్ ది బుక్స్.' దేనిని? పుస్తకాలను. అంటే పంచిపెట్టాడు. 'ది ల్యాంప్ గివ్స్ అవుట్ లైట్.' దేనిని? వెలుతురును. అంటే దీపం వెలుతురును వెదజల్లుతుంది. పొయ్యి వేడికీ, మల్లెపూల వాసనకూ ఇదే మాట.

"దేనిని?" అంటే జవాబు దొరకలేదా, అక్కడ ఏదో అయిపోయిందన్నమాట, లేదా పనిచేయడం మానేసిందన్నమాట. 'ది రైస్ గేవ్ అవుట్' అంటే బియ్యం అయిపోయాయి. 'ది మోటార్ గేవ్ అవుట్' అంటే మోటారు ఆగిపోయింది. మన మాటల్లో చెప్పాలంటే చేతులెత్తేసింది. తెలుగు వ్యాకరణంలో సకర్మక క్రియ, అకర్మక క్రియ అని చదువుకుంటారే, ఆ తేడాయే ఇది.

ఇదంతా తరగతిలో చెబుతుంటే వెనక బెంచీవాడొకడు లేచి, "మరి క్రికెట్టులో 'ది అంపైర్ గేవ్ హిమ్ అవుట్' అంటారు గదా సార్?" అన్నాడు. అంపైరు అతన్ని ఎవరికీ పంచిపెట్టలేదు, అవుటయ్యాడని తీర్పు చెప్పాడు! ఆటలో మాటకు ఆటలోనే అర్థం వెతకాలి.

పుస్తకాలను 'అవి' అన్నప్పుడు మాత్రం 'దెమ్' మధ్యలో కూర్చుంటుంది: 'గివ్ దెమ్ అవుట్.' 'గివ్ అవుట్ దెమ్' అనకూడదు.

మర్నాడు అందరినీ సొంతంగా ఒక్కొక్క వాక్యం వ్రాసుకు రమ్మన్నాను. సున్నా తెచ్చుకున్న కుర్రవాడు ఇట్లా వ్రాసుకు వచ్చాడు: 'వెన్ అవర్ వెల్ గేవ్ అవుట్, మై మదర్ గేవ్ అవుట్ ది వాటర్ విత్ ఎ స్మాల్ కప్.' మా బావి ఎండిపోయినప్పుడు, మా అమ్మ నీళ్ళను చిన్న గిన్నెతో పంచింది.

అందులో దిద్దడానికి నాకు ఏమీ కనబడలేదు.