మోకాలిని నిలబెట్టే నేల

పోలియో సోకిన కాలికి తొడిగే పాతకాలం క్యాలిపర్ మూడు కిలోలకు పైనే తూగేది. రెండు పక్కలా ఉక్కు కడ్డీలు, తొడకూ పిక్కకూ తోలు పట్టీలు, మోకాలి దగ్గర తాళం, కింద బరువైన బూటు. మూడు వందల గ్రాములతో అదే కాలిని నిలబెట్టే క్యాలిపర్ హైదరాబాద్ ఆగ్నేయపు అంచున, క్షిపణులు తయారుచేసే చోట రూపుదిద్దుకుంది. కంచన్‌బాగ్‌లోని క్షిపణుల ప్రయోగశాల డీఆర్‌డీఎల్, ప్రత్యేక లోహాల కర్మాగారం మిధాని, బాలాపూర్ అవతలి ఇమారత్ పరిశోధన కేంద్రం ఆ అంచునే ఉన్న మీర్‌పేట్‌కు ఇరుగుపొరుగు సంస్థలే. వాటిలో పనిచేసి మీర్‌పేట్, జిల్లెలగూడ, కర్మన్‌ఘాట్ కాలనీల్లో ఇళ్లు కట్టుకున్నవాళ్లు చాలామంది. ఈ క్యాలిపర్‌లో ఉన్న తెలివి పట్టుబడాలంటే ముందుగా అది తోడు నిలిచే ఎముక సంగతి తెలియాలి. ఎందుకంటే ఎముక కూడా మిశ్రమ పదార్థమే. పైగా మీద పడే బరువును బట్టి తన రూపాన్ని తానే సరిచేసుకునే మిశ్రమ పదార్థం. ఏ లోహశాలా ఇంకా అటువంటిది తయారుచేయలేదు.

ఎముక బరువులో దాదాపు మూడింట రెండు వంతులు ఖనిజం. కాల్షియం, ఫాస్ఫేట్ కలిసి ఏర్పడిన ఈ ఖనిజం పేరు హైడ్రాక్సీ అపటైట్. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగులు, కొంత నీరు. ఖనిజం పని, పోగుల పని వేరువేరని బడిలోనే చూపించవచ్చు. శుభ్రం చేసిన కోడికాలి ఎముకను వెనిగర్‌లో వేసి, రోజూ వెనిగర్ మారుస్తూ వారం పాటు ఉంచితే ఆమ్లం ఖనిజాన్ని కరిగించేస్తుంది. ఆకారం చెక్కుచెదరదు కానీ ఎముక రబ్బరులా వంగుతుంది. ఇంకో ఎముకను నిప్పుల్లో బాగా కాల్చితే ప్రొటీన్ కాలిపోయి ఖనిజం మిగులుతుంది. దానికీ ఆకారం అలాగే ఉంటుంది, వేళ్లతో నొక్కితే మాత్రం పొడి అవుతుంది. నొక్కుడుకు ఓర్చుకునేది ఖనిజం, లాగుడుకు ఓర్చుకునేది పోగు. విడివిడిగా చూస్తే రెండూ కాలికి పనికిరానివే.

తొడ ఎముక గోడను పలచగా కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే మిల్లీమీటరులో ఐదో వంతు వెడల్పున్న గుండ్రటి వలయాలు కిక్కిరిసి కనిపిస్తాయి. ఒక్కొక్కటీ నిలువుగా సాగే ఒక గొట్టం. మధ్యలో రక్తనాళం, దాని చుట్టూ పొరలు పొరలుగా ఎముక. ఒక పొరలో కొల్లాజెన్ పోగులు ఒక వాలులో ఉంటే పక్క పొరలో మరో వాలులో ఉంటాయి, ప్లైవుడ్ పలకలను అడ్డదిడ్డంగా అతికించినట్టు. ఎక్కడో సన్నటి పగులు పుడితే అది పొర దాటేచోట దారి తప్పి ఆగిపోతుంది. పొరల మధ్య ఎముక కణాలు సమాధి అయినట్టు కూర్చుని, వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నని కాలువల ద్వారా ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని ఉంటాయి. పెద్దవాళ్ల ఎముకలోని కణాల్లో పదింట తొమ్మిది ఇలాంటివే. ఇవి ఊరికే కూర్చోవడం లేదన్న సంగతి శాస్త్రానికి చాలా ఆలస్యంగా తెలిసింది.

ఎముక పొడవు పెరగడం మృదులాస్థి పని. గర్భంలో కాళ్లూ చేతులూ మొదట మృదులాస్థి అచ్చులుగానే తయారవుతాయి, తర్వాత మధ్య నుంచి ఎముక ఆక్రమిస్తూ పోతుంది. పుట్టాక పొడవాటి ఎముకల కొసల దగ్గర పలచని మృదులాస్థి పలక ఒకటి మిగులుతుంది. దాన్నే గ్రోత్ ప్లేట్ అంటారు. దానిలో కణాలు నాణేలు పేర్చినట్టు నిలువు వరసల్లో విభజన చెందుతాయి. వరస చివరికి చేరిన కణం దాదాపు పది రెట్లు ఉబ్బి, ఆ ఉబ్బుతోనే ఎముక కొసను ముందుకు నెడుతుంది. ఆ వెనకే సున్నం పేరుకుంటుంది, రక్తనాళాలు చొరబడతాయి, ఎముక కణాలు వచ్చి చోటు చేసుకుంటాయి. పద్దెనిమిదో శతాబ్దంలో స్టీఫెన్ హేల్స్ అనే ఇంగ్లండ్ మతాచార్యుడు కోడిపిల్ల కాలి ఎముకకు రెండు చిల్లులు పొడిచి పెరగనిచ్చాడు. ఎముక పొడవు పెరిగింది, చిల్లుల మధ్య దూరం మాత్రం మారలేదు. అంటే పెరుగుదల జరిగేది కొసల దగ్గరే. మనిషి కాలి పొడవులో దాదాపు మూడింట రెండు వంతుల పెరుగుదల మోకాలికి అటూ ఇటూ ఉన్న రెండు పలకల నుంచే వస్తుంది. కాలికి సంబంధించిన కథలన్నీ చివరికి మోకాలి దగ్గరికే చేరడానికి ఇదొక కారణం.

కీలు ముఖాన ఉండే మృదులాస్థి వేరే రకం పని చేస్తుంది. రెండు మూడు మిల్లీమీటర్ల మందంలో ముప్పాతిక వంతు నీరే. అడుగు వేసినప్పుడు నీరు బయటికి ఒత్తుకుంటుంది, కాలు ఎత్తినప్పుడు మళ్లీ పీల్చుకుంటుంది. దానికి రక్తనాళాలు లేవు, తిండి అందేది ఈ ఒత్తిడీ పీల్పుల మీదే. అరిగితే తిరిగి సరిగా పూడకపోవడానికీ మూలం ఈ రక్తం లేమే. కదలిక లేని కీలుకు తిండీ తగ్గుతుంది.

ఇక బరువు సంగతి. 1860ల్లో జ్యూరిచ్‌లో హెర్మన్ ఫాన్ మేయర్ అనే శరీరశాస్త్ర ఆచార్యుడు తొడ ఎముక తలను నిలువునా కోసి, లోపలి జల్లెడలాంటి ఎముకలో సన్నటి గోడలు ఎలా నడుస్తున్నాయో బొమ్మ గీశాడు. అది చూసిన కార్ల్ కుల్మన్ ఇంజనీరు. బరువులెత్తే వంపు క్రేన్‌లో బలాలు ఏ దారిన ప్రవహిస్తాయో లెక్కగట్టి గీతలు గీయడం ఆయన విద్య. ఎముకలోని గోడలు తన క్రేన్ గీతల వెంటే నడుస్తున్నాయని ఆయన చప్పున గుర్తుపట్టాడు. బెర్లిన్ సర్జన్ జూలియస్ వోల్ఫ్ దీన్ని అందిపుచ్చుకుని, బరువు మారితే ఎముక ఆకారం గణితం తప్పకుండా మారుతుందని 1892లో పుస్తకం రాశాడు. పేరంతా ఆయనకే దక్కింది. నిజానికి వోల్ఫ్ చూసింది ఫలితాన్ని మాత్రమే. ఆ మార్పు కణాల స్థాయిలో, స్థానికంగా, ఒత్తిడికి స్పందనగా జరుగుతుందన్న అసలు మాట అన్నది విల్‌హెల్మ్ రూ. పాఠ్యపుస్తకాలు ఆయనకు బాకీ పడ్డాయి.

ఇప్పుడు తెలిసిన పద్ధతి ఇది. కాలు నేలకు ఆనినప్పుడు ఎముక కంటికి కనిపించనంతగా వంగుతుంది. ఆ వంపుకు సన్నటి కాలువల్లో ద్రవం కదులుతుంది. సమాధి అయిన కణాలు ఆ కదలికను పసిగట్టి, ఎముక కట్టే కణాలకూ తవ్వే కణాలకూ కబురు పంపుతాయి. ఎక్కడ బరువు పడుతుందో అక్కడ కట్టడం ఎక్కువవుతుంది, పడని చోట తవ్వకం ఎక్కువవుతుంది. టెన్నిస్ ఆటగాడి రాకెట్ పట్టే చేతి ఎముక రెండో చేతి కంటే మందంగా ఉండడానికీ, అంతరిక్షంలో ఉన్నవాళ్ల తుంటి ఎముక నెలకు ఒక శాతానికి పైగా తగ్గడానికీ ఇదే కారణం.

పోలియో వైరస్ ఎముక జోలికి పోదు. వెన్నుపాములో కండరాలను నడిపే నరకణాలను చంపుతుంది. కాలికి స్పర్శ తెలుస్తుంది, నొప్పి తెలుస్తుంది, కండరం మాత్రం లాగదు. లాగుడూ బరువూ లేని ఎముక సన్నబడుతుంది, గ్రోత్ ప్లేట్ నెమ్మదిస్తుంది, పిల్లలు ఎదిగేకొద్దీ ఆ కాలు కొన్ని సెంటీమీటర్లు పొట్టిగా మిగులుతుంది. తొడ ముందుభాగపు కండరం పడిపోయిన పిల్లలు నడిచే తీరు దగ్గర నుంచి చూస్తే విషయం అర్థమవుతుంది. అడుగు వేసిన ప్రతిసారీ ముందుకు వంగి, అరచేత్తో మోకాలికి పైన తొడను వెనక్కి నొక్కుతారు. చేయి తీస్తే మోకాలు మడుచుకుపోతుంది. కండరం చేయాల్సిన పనిని ఆ చేయి చేస్తోంది.

ఉక్కు క్యాలిపర్ ఆ చేతిని విడిపించేది, కానీ మోకాలికి తాళం వేసి. తాళం పడిన కాలు మడుచుకోదు కాబట్టి నడుము ఎగరేసి, కాలిని పక్కకు తిప్పి వేయాలి. బరువు లెక్క ఇంకా కఠినం. ఒక్కో కాలి బరువు మొత్తం శరీర బరువులో సుమారు ఆరో వంతు. ఇరవై ఐదు కిలోల పిల్లవాడి కాలు నాలుగు కిలోలు. దానికి మూడు కిలోలు తగిలిస్తే, అసలే బలం పోయిన కండరాలు ఇంచుమించు రెండు కాళ్ల బరువును ఒక కాలిగా ఎత్తాలి. పైగా బూటు బరువు తుంటికి దూరంగా, కాలి చివరన వేలాడుతుంది. ఊపాల్సిన బరువు ఎంత దూరాన ఉంటే శ్రమ అంత పెరుగుతుంది.

అబ్దుల్ కలామ్ తన ప్రసంగాల్లో తరచు చెప్పిన కథ ఇక్కడ మొదలవుతుంది. నిమ్స్ నుంచి వచ్చిన ఒక ఎముకల వైద్యుడు ప్రయోగశాలలో అగ్ని క్షిపణి కోసం చేసిన పదార్థాన్ని చేతిలోకి తీసుకుని, దాని తేలికకు ఆశ్చర్యపడి, కలామ్‌ను ఆసుపత్రికి తీసుకెళ్లి ఉక్కు క్యాలిపర్లు ఈడ్చుకుంటున్న పిల్లలను చూపించాడు. పంజాగుట్టలోని నిమ్స్ మొదలైందే నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రిగా. మూడు వారాల్లో మూడు వందల గ్రాముల క్యాలిపర్లు సిద్ధమయ్యాయి. కథలో పదార్థం పేరు కార్బన్-కార్బన్. వాతావరణంలోకి తిరిగివచ్చే క్షిపణి ముక్కు వేడికి తట్టుకోవడం దాని గొప్ప. పిల్లవాడి పిక్కకు ఆ వేడితో పనిలేదు, కావలసింది తేలికగా ఉంటూ వంగకపోవడం. ఉక్కు సాంద్రత నీటికి దాదాపు ఎనిమిది రెట్లు, ఎముకది రెండు రెట్లు, కార్బన్ పోగు మిశ్రమాలది అంతకంటే తక్కువ. పోగును బలం పడే దిశలోనే పరిచే వీలుండడం ఈ పదార్థాల అసలు లాభం. ఎముక చేసేదీ అదే.

అయినా, మూడు కిలోల నుంచి మూడు వందల గ్రాములకు రావడం పదార్థం ఒక్కదాని చలవ కాదు. ఉక్కు కడ్డీలనే కార్బన్‌తో చేస్తే ఇంత తగ్గేది కాదు. తొడ భాగం, మోకాలి తాళం మొత్తంగా ఎగిరిపోయాయి. కొత్త క్యాలిపర్ అరికాలి నుంచి మోకాలి కిందివరకే ఉండే ఒకే ముక్క. దీని పేరే ఫ్లోర్ రియాక్షన్ ఆర్థోసిస్, క్లుప్తంగా ఎఫ్‌ఆర్‌ఓ. ఈ సూత్రం అంతకుముందే విదేశాల్లో ఉంది. 1969లో సాల్టియెల్ అనే ఆయన మోకాలిని బిగించే పొట్టి క్యాలిపర్‌ను వర్ణించాడు. కంచన్‌బాగ్ వైపు జరిగింది దాన్ని ఇక్కడి పిల్లలకు అందే తేలికలో చేయడం.

దాని పని ఇలా సాగుతుంది. మనిషి నేలను ఎంత బరువుతో నొక్కుతాడో నేల అంతే బలంతో పైకి తోస్తుంది. ఆ తోపు గీత మోకాలి వెనకనుంచి పోతే మోకాలు మడుచుకుంటుంది, దాన్ని ఆపడానికి తొడ కండరం కావాలి. గీత మోకాలికి ముందునుంచి పోతే కండరంతో పని లేకుండానే మోకాలు తిన్నగా నిలుస్తుంది, వెనకవైపు బంధనాలు దాన్ని ఆపుతాయి. కాబట్టి చిక్కంతా గీతను ముందుకు జరపడంలోనే ఉంది. చీలమండ వదులుగా ఉంటే శరీరం ముందుకు సాగేకొద్దీ కాలి ఎముక పాదం మీదుగా ముందుకు వాలి, మోకాలిని మడుస్తుంది. ఎఫ్‌ఆర్‌ఓ చీలమండను లంబకోణంలో, లేదా వేళ్లు ఒక్క పిసరు కిందికి ఉండేలా బిగిస్తుంది. ఇక కాలి ఎముక ముందుకు వాలలేదు. బరువు మడమ నుంచి వేళ్ల వైపు జరగగానే నేల తోపు మోకాలికి ముందుకు వచ్చేస్తుంది. మోకాలి చిప్ప కిందుగా ఎముకకు ఆనుకున్న ముందు పలక, ఇందాకటి అరచేయిలా, కాలిని వెనక్కి నొక్కుతుంది.

లెక్క వేస్తే ఇంకా బాగుంటుంది. ఇరవై ఐదు కిలోల బరువు చీలమండకు పది సెంటీమీటర్ల ముందు, పాదం ముందు భాగాన పడిందనుకుందాం. ముందు పలక చీలమండకు ఇరవై ఐదు సెంటీమీటర్ల ఎత్తున ఉంటే, అది మోకాలి కింద నొక్కే బలం పది కిలోల బరువుకు సమానం. మోటారు లేదు, స్ప్రింగు లేదు, తాళం లేదు. కాలు గాల్లోకి లేవగానే తోపు మాయమై మోకాలు మళ్లీ స్వేచ్ఛగా మడుచుకుంటుంది. ఇదంతా జరగాలంటే చీలమండ దగ్గర ముక్క వంగకూడదు, అరికాలి పలక వేళ్ల దాకా గట్టిగా ఉండాలి. పదార్థం గట్టిదనం మీద పట్టు ఎందుకో ఇక్కడ తెలుస్తుంది. ఇంకో మంచి సంగతి, బరువు ఎముక గుండానే నేలకు దిగుతుంది. తుంటి దగ్గర ఆనించి కాలిని తప్పించే పొడవాటి క్యాలిపర్లలో ఈ సదుపాయం ఉండదు.

అందరికీ ఇది కుదరదు. మోకాలు పూర్తిగా చాచలేనంతగా బిగిసిపోయి ఉంటే గీత ముందుకు రాదు. చీలమండ లంబకోణానికి రాకపోయినా, మోకాలు పక్కకు వంకరపోయినా, తుంటిని వెనక్కి లాగే కండరాలు బలహీనమైనా దీనివల్ల లాభం లేదు. అటువంటప్పుడు ముందు శస్త్రచికిత్స, లేదా తాళం ఉన్న పాత రకమే గతి.

తర్వాతి కథ త్వరగా నడిచింది. భారత్‌లో చివరి సహజ పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది, 2014 మార్చిలో పోలియో లేని ప్రాంతంగా ధ్రువీకరణ వచ్చింది. ఇప్పుడు ఎఫ్‌ఆర్‌ఓ ఎక్కువగా అక్కరకొచ్చేది సెరిబ్రల్ పాల్సీతో మోకాళ్లు మడుచుకుని నడిచే పిల్లలకూ, పాత పోలియోతో వయసు మీదపడుతున్న పెద్దలకూ. పక్కనే మిధాని టైటానియం ఇంప్లాంట్ల వైపు సాగింది. ఎముక కంటే ఐదారు రెట్లు గట్టిదైన లోహం బరువంతా తానే మోస్తే చుట్టుపక్కల ఎముక సన్నబడుతుంది. వోల్ఫ్ సూత్రం అక్కడా వెంటాడుతోంది.

పిల్లల విషయంలో క్యాలిపర్ ఒకసారి చేసి ఊరుకునేది కాదు. మోకాలి కింద గ్రోత్ ప్లేట్ పనిచేస్తున్నంత కాలం ఎముక పొడుగవుతూ, ముందు పలక మోకాలికి కిందికి జారినట్టు అవుతుంది. అది మెత్తటి కండ మీద పడినా, మరీ కింద నొక్కినా కాలి పొడవుతో పోలిస్తే మీట, అంటే చీలమండ నుంచి పలక దాకా ఉన్న దూరం, పొట్టిదై, అదే పనికి చర్మం మీద ఒత్తిడి పెరుగుతుంది. అందుకే ఎదిగే పిల్లలకు కొలతలు మళ్లీ మళ్లీ తీసి కొత్తది చేయాలి. ఆడపిల్లల్లో పద్నాలుగు పదిహేనేళ్లకూ, మగపిల్లల్లో పదహారు పదిహేడేళ్లకూ ఆ పలక ఎముకగా మారిపోయాక కాలి కొలత స్థిరపడుతుంది. ఆ తర్వాత మార్చాల్సినవి పట్టీలూ, అరిగిన అడుగుభాగమూ.